ఉద్యోగం చేస్తూనే సొంత వ్యాపారం: టైం ఎలా తీయాలి, ఎక్కడ దగ్గరుండాలి

శ్రీకాకుళంలో చిన్న వ్యాపారాల లెక్కలు రాస్తుంటాను. జీఎస్టీ కోసమో, లోను కాగితాల కోసమో వచ్చినవాళ్లు లేచి వెళ్తూ అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఉద్యోగం ఉంది, పిల్లలున్నారు, ఇక వ్యాపారానికి టైం ఎక్కడిదండీ?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం వరసగా రాసి పెడుతున్నాను.

ఉదాహరణకి మొదటి నుంచి చివరిదాకా ఒకటే వ్యాపారం తీసుకుంటాను. పలాస కాశీబుగ్గలో జీడిపప్పు కొని, ఇంటి దగ్గర గ్రేడు చూసి, పావు కిలో ప్యాకెట్లు కట్టి, శ్రీకాకుళం, విజయనగరం షాపులకి వేయడం. చేసే మనిషి పైడిభీమవరంలో షిఫ్టు ఉద్యోగి. మీది టైలరింగ్ షాపైనా, కర్రీ పాయింటైనా, పొందూరు ఖద్దరు అమ్మకమైనా మెట్లు ఇవే, సరుకు పేరు మార్చుకోండి.

ఒక మాట ముందే చెప్తాను. "దగ్గరుండి చూసుకోవాలి" అని పెద్దవాళ్లు అన్నది నిజమే. కానీ ఎక్కడ దగ్గరుండాలో తేల్చుకోకుండా అన్నిచోట్లా తానే ఉండబోయినవాళ్లు కొన్ని నెలలకే అలిసిపోయి దుకాణం సర్దేయడం చాలా చూశాను. కొనుగోలు, నాణ్యత, డబ్బు, ఈ మూడు చోట్ల మీ చెయ్యి ఉండాలి. మిగతావి వేరేవాళ్ల చేతుల్లోకి వెళ్లాలి. కింద రాసిందంతా ఆ పని ఎలా చేయాలన్నదే.

## 1. ముందు ఒక వారం రాసుకోండి

వారానికి 168 గంటలు. అందులో మీవి ఎన్నో కాగితం మీద పెట్టేదాకా తెలియదు. ఒక చిన్న నోట్‌బుక్ జేబులో పెట్టుకుని వారం రోజులు ఏ గంట ఎక్కడికి పోయిందో రాయండి. కంపెనీ బస్సు కోసం నిలబడిన టైం, ఫోన్‌లో వీడియోలు చూసిన టైం, పెళ్లికి వెళ్లి భోజనాల దగ్గర ఆగిపోయిన టైం, అన్నీ.

రాసేటప్పుడు మూడు నియమాలు:

- నిద్రలోంచి గంటలు తీయొద్దు. ముఖ్యంగా నైట్ డ్యూటీ వారంలో.
- పిల్లల చదువు, పెద్దవాళ్ల ఆసుపత్రి "ఖాళీ టైం" కింద రాయొద్దు.
- బస్సులో కూర్చున్న టైం విడిగా రాయండి. ఫోన్ ఆర్డర్లు, బాకీల లెక్క చూసుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

వారం చివర లెక్క వేస్తే చాలామందికి 12 నుంచి 15 గంటలు తేలతాయి. అది తక్కువేం కాదు. కానీ ముక్కలు ముక్కలుగా ఉంటుంది, దాన్ని ఒకచోటికి చేర్చడమే అసలు పని. 10 తేలినా మొదలుపెట్టొచ్చు. 6 కన్నా తక్కువ తేలితే మాత్రం ఇంట్లో ఇంకొకరు సగం బాధ్యత తీసుకుంటేనే ముందుకెళ్లండి.

## 2. ఉద్యోగం ఒప్పుకుంటుందా చూడండి

ఇది చాలామంది ఆఖర్న చూస్తారు. మొదటే చూడాలి.

ప్రభుత్వ ఉద్యోగి అయితే ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమావళి, 1964 ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. భార్య పేరు మీద పెట్టి వెనకుండి నడిపితే పర్వాలేదన్న మాట నమ్మొద్దు. కుటుంబ సభ్యులు నిజంగా తామే నడుపుతుంటే ఆ సంగతి ఆఫీసుకి రాతపూర్వకంగా తెలియజేయండి.

ప్రైవేటు ఉద్యోగి అయితే అపాయింట్‌మెంట్ ఆర్డర్ బయటికి తీసి, వేరే పని చేయకూడదన్న షరతు ఉందేమో చదవండి. ఉంటే హెచ్‌ఆర్‌ని అడిగి ఒక మెయిల్ తెచ్చుకోండి. నోటిమాట సరిపోదు.

## 3. పనిని ముక్కలు చేసి మూడు గళ్లలో వేయండి

ఒక తెల్లకాగితం మీద మూడు గళ్లు గీయండి. వ్యాపారంలో ఉన్న ప్రతి చిన్న పనీ ఏదో ఒక గడిలో పడాలి.

నేనే చేయాలి: పప్పు కొనడం, ధర మాట్లాడడం, శాంపిల్ చూడడం, షాపుకి ఎంత అరువు ఇవ్వాలో నిర్ణయించడం, బ్యాంకు.

ఒకసారి చూపిస్తే చేస్తారు: పొట్టు, నలుసు ఏరడం, తూకం, సీలింగ్, లేబుల్, స్టాకు పుస్తకం.

ఎవరైనా చేస్తారు: డెలివరీ, అట్టపెట్టెలు కట్టడం, ఆర్టీసీ కార్గోలో పార్సిల్ వేయడం.

మొదటి గడిలో ఐదు కన్నా ఎక్కువ పడ్డాయంటే మళ్లీ చూడండి. "నేనైతేనే సరిగ్గా చేస్తాను" అనుకుని పెట్టిన పనులు అందులో ఉంటాయి. వాటిని రెండో గడిలోకి జరపండి.

మీ గంట విలువ కూడా ఇక్కడే కట్టుకోండి. లెక్క కోసం కిలో పప్పు 700 రూపాయలకి కొన్నారనుకుందాం. కవర్లు, లేబుళ్లు 15, కూలి 12, రవాణా 8, తరుగు 10. మొత్తం 745 పడింది. షాపుకి 790కి వేశారు, కిలోకి 45 మిగిలింది. వారానికి 50 కిలోలైతే 2,250. మీరు పెట్టింది 15 గంటలైతే గంటకి 150 వచ్చినట్టు.

అందులో 5 గంటలు బండి మీద డెలివరీకే పోతున్నాయనుకోండి. ఒక కుర్రాడికి వారానికి 500 ఇచ్చి ఆ పని అప్పజెప్తే మీకు 1,750 మిగులుతుంది, గంటలు 10 అవుతాయి, అంటే గంటకి 175. చేతికొచ్చింది తగ్గింది కదా అనిపిస్తుంది. కానీ ఆ మిగిలిన 5 గంటల్లో నరసన్నపేటలోనో రాజాంలోనో కొత్త షాపులు పట్టుకుంటే అమ్మకం పెరుగుతుంది, బండి మీద తిరిగినంత కాలం అది పెరగదు.

## 4. చెయ్యి పెట్టాల్సిన మూడు చోట్లు

### కొనుగోలు

ఫోన్‌లో ధర మాట్లాడి సరుకు పంపించమనొద్దు, కనీసం మొదటి ఏడాది. స్వయంగా వెళ్లండి.

గుండు అంటే విరగని పూర్తి పప్పు. 320 గ్రేడు గుండు అంటే పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 300 నుంచి 320 గుండ్లు రావాలి. ఈ లెక్క తెలిస్తే మోసం అక్కడికక్కడే పట్టుకోవచ్చు. టిన్ను పైపై పప్పు తీయొద్దు, మధ్యలోంచి, అడుగు నుంచి గుప్పెడు గుప్పెడు తీసి 100 గ్రాములు తూచి లెక్కపెట్టండి. 66 నుంచి 70 గుండ్లు వస్తే 320యే. 75 దాటుతుంటే చిన్న గ్రేడు కలిపారు. 240 గ్రేడు అయితే 100 గ్రాములకి 48 నుంచి 53 రావాలి.

తర్వాత ఒక గుండు విరవండి. టక్కున విరగాలి. మెత్తగా వంగిందంటే తేమ ఉంది, ప్యాకెట్లో బూజు పడుతుంది. నమిలి చూస్తే ముక్కిన వాసన తగలకూడదు. బద్దల మధ్య గాడిలో పొట్టు మిగిలిందేమో, పురుగు కొట్టిన చిన్న కన్నం ఉందేమో వెలుతురులో చూడండి. మొత్తం పావుగంట పని. ఈ పావుగంట ఎవరికీ అప్పజెప్పకండి.

### నాణ్యత

ప్యాకింగ్ చేసే గదిలో రోజంతా కూర్చోనక్కర్లేదు. ప్యాకింగ్ అయిన రోజు ఏవైనా పది ప్యాకెట్లు తీసి తూచండి. ఖాళీ కవరు బరువు ముందే తూచి గోడ మీద రాసి పెట్టండి, దాన్ని తీసేస్తే లోపలున్నది 250 గ్రాములు ఉండాలి.

తక్కువ ఉంటే తూనికలు కొలతల శాఖ కేసు. ఎక్కువ ఉంటే మీ జేబు. ప్యాకెట్‌కి 3 గ్రాములే కదా అనిపిస్తుంది, 50 కిలోలకి 200 ప్యాకెట్లు, అంటే 600 గ్రాములు, పైన చెప్పిన ధరకి వారానికి 420 రూపాయలు. కుర్రాడి డెలివరీ డబ్బు దాదాపు అక్కడే పోతోంది! చాలాచోట్ల లాభం ఏమైందో అర్థంకాక తల పట్టుకుంటారు, తీరా చూస్తే త్రాసు దగ్గరే ఉంటుంది.

### డబ్బు

వ్యాపారానికి విడిగా బ్యాంకు ఖాతా, విడిగా ఫోన్‌పే క్యూఆర్. జీతం పడే ఖాతాలో కలపొద్దు. కలిపితే ఏ నెలలో లాభం వచ్చిందో, ఏ నెలలో జీతంలోంచి తీసి పెట్టారో మీకే తెలియదు.

షాపులకి అరువు తప్పదు, మన దగ్గర వ్యాపారమే అలా నడుస్తుంది. కానీ బిల్ టు బిల్ అని మొదటిరోజే చెప్పండి: కొత్త సరుకు దించినప్పుడు పాత బిల్లు ఇచ్చేయాలి. ఒక్క షాపు దగ్గరా రెండు బిల్లులకి మించి బాకీ పడనీయొద్దు. బంధువుల షాపైనా సరే. "బావా, లెక్క లెక్కే" అని మొదటే నవ్వుతూ అనేస్తే గొడవ ఉండదు, ఆరు నెలలు ఆగి అడిగితే ఉన్న చుట్టరికం కూడా పోతుంది.

వారానికి ఒకసారి చూడాల్సినవి:

- చేతిలో నగదు, ఖాతాలో నిల్వ
- ఏ షాపు ఎంత బాకీ, ఎన్ని రోజులుగా
- మనం ఎవరికి ఎంత ఇవ్వాలి
- ఎన్ని కిలోలు కొన్నాం, ఎన్ని కిలోలు ప్యాక్ అయింది, తేడా ఎంత

## 5. షిఫ్టుకి తగ్గట్టు వారం పట్టిక వేయండి

జనరల్ షిఫ్టు వాళ్లకి ఇది తేలిక, రోజూ ఒకే గంట. తిప్పలన్నీ మారే షిఫ్టుల వాళ్లకే, కాబట్టి వాళ్ల కోసం రాస్తున్నాను.

ఉదయం షిఫ్టు, 6 నుంచి 2: ఇంటికొచ్చి తిని ఒక గంట పడుకోండి. సాయంత్రం 5 నుంచి 7 దాకా ప్యాకెట్ల తనిఖీ, షాపుల ఫోన్లు. షాపులవాళ్లు రాత్రి బేరం మొదలయ్యేలోపే మాట్లాడతారు.

మధ్యాహ్నం షిఫ్టు, 2 నుంచి 10: మీ వ్యాపారానికి మంచి వారం ఇదే. ఉదయం 8 నుంచి 11 మీవి. బ్యాంకు, ఆఫీసు పనులు, ప్యాకింగ్ దగ్గర కూర్చోవడం అన్నీ ఈ వారంలో పెట్టుకోండి. పలాస ప్రయాణానికి మాత్రం వీక్లీ ఆఫ్ వాడండి, డ్యూటీకి పరుగెత్తే టెన్షన్‌లో కొంటే శాంపిల్ సరిగ్గా చూడరు.

రాత్రి షిఫ్టు, 10 నుంచి 6: ఈ వారం వ్యాపారం మీద పెద్ద నిర్ణయం ఏదీ తీసుకోవద్దు. సాయంత్రం అరగంట డబ్బు లెక్క చూసి వదిలేయండి. నిద్ర చాలని మనిషి ధర మాట్లాడితే నష్టానికే మాట్లాడతాడు. ఆ నిద్రతో ఎన్‌హెచ్ 16 మీద బండి నడపడం అంతకన్నా ప్రమాదం.

వీక్లీ ఆఫ్‌లో సగం రోజు వ్యాపారానికి, సగం రోజు ఇంటికి. ఆ సగం ఇంటిదే. దాన్ని కూడా వ్యాపారం తినేస్తే ఇంట్లో మొదలయ్యే అసంతృప్తి, ఆ తర్వాత వ్యాపారాన్నే తినేస్తుంది.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. మీ షిఫ్టు మారినప్పుడల్లా పనివాళ్ల టైం మార్చొద్దు. ప్యాకింగ్ ఉదయం 10 నుంచి 1 దాకా అంటే అన్ని వారాలూ అంతే. మీరు లేనప్పుడు నడవని ఏర్పాటైతే మీ నైట్ షిఫ్టు వారంలో సరుకు ఆగిపోతుంది.

## 6. పని అప్పజెప్పడం

అప్పజెప్పడం అంటే ఒక మాట చెప్పి వెళ్లిపోవడం అనుకుంటారు. ఈ వరసలో చేయండి:

1. మీరు చేస్తూ చూపించండి, వాళ్లు చూస్తారు.
2. వాళ్లు చేస్తారు, మీరు పక్కన కూర్చుంటారు. మధ్యలో చెయ్యి పెట్టొద్దు.
3. వాళ్లు చేస్తారు, మీరు ఆఖర్న వచ్చి పది ప్యాకెట్లు చూస్తారు.
4. వాళ్లే పది ప్యాకెట్లు చూసి నోట్‌బుక్‌లో రాస్తారు, మీరు నోట్‌బుక్ చూసి రెండు ప్యాకెట్లు తూస్తారు.

ఒక్కో మెట్టుకి వారమైనా పడుతుంది, తొందరపడొద్దు. సరైన ప్యాకెట్ ఒకటి, తప్పు ప్యాకెట్ ఒకటి గోడకి తగిలించండి. వంద మాటలు చెప్పక్కర్లేదు.

పనికొచ్చే ఆడవాళ్లలో చాలామంది మీకన్నా పెద్దవాళ్లే ఉంటారు. వీధిలో అక్కా, పిన్నీ అని పిలిచే మనిషిని గదిలోకి రాగానే పేరు పెట్టి అరిస్తే ఆమె మర్నాడు రాదు, వచ్చినా మనసు పెట్టదు. తప్పు కనిపిస్తే పక్కకి పిలిచి, "పిన్నీ, ఈ ప్యాకెట్ మూడు గ్రాములు ఎక్కువొచ్చింది, ఒకసారి చూద్దాం రా" అని త్రాసు దగ్గరే చూపించండి. కూలి మాత్రం చెప్పిన రోజు చెప్పినంత చేతిలో పెట్టాలి. షాపు వాడు డబ్బివ్వలేదన్నది ఆమె సమస్య కాదు.

ఇంట్లో ఆవిడ చేసే పనికి కూడా కూలి కట్టి పుస్తకంలో రాయండి, వీలైతే ఆమె ఖాతాలోనే వేయండి. "ఇంట్లో మనిషే కదా" అని వదిలేస్తే లాభం ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది, రేపు ఆ పనికి మనిషిని పెట్టాల్సి వచ్చినప్పుడు బండారం బయటపడుతుంది. అంతకన్నా ముందు, అది ఆమె కష్టం.

## 7. కాగితాలు: రెండు రోజుల సెలవులో పూర్తి చేయండి

వీటికి రోజూ కాస్త కాస్త టైం పెట్టొద్దు, ఒకేసారి కూర్చోండి.

- ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు: ఆన్‌లైన్‌లో, ఆధార్‌తో, పూర్తిగా ఉచితం. ఎవరైనా డబ్బు అడిగితే అది ప్రభుత్వ సైటు కాదు.
- ఆహార సరుకైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్: మొదటి ప్యాకెట్ అమ్మకముందే తీసుకోవాలి. నంబరు లేబుల్ మీద ఉండాలి.
- ప్యాకర్ రిజిస్ట్రేషన్: తూనికలు కొలతల శాఖ దగ్గర. త్రాసుకి ఏటా ముద్ర వేయించాలి.
- లేబుల్: మీ పేరు, చిరునామా, నికర బరువు, పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, ప్యాక్ చేసిన నెల, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలి, ఫిర్యాదుకి ఫోన్ నంబరు.
- జీఎస్టీ: మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షలు, సేవలకి 20 లక్షలు దాటితే తప్పనిసరి.

జీఎస్టీలో మన జిల్లా వాళ్లు దెబ్బతినే చోటు ఒకటుంది. ఇచ్ఛాపురం దాటితే బరంపురం, పాతపట్నం దాటితే పర్లాకిమిడి. మనకి పక్క ఊళ్లే, కానీ అది ఒడిశా. పన్ను పడే సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే 40 లక్షల పరిమితి పనిచేయదు, మొదటి బిల్లుకే రిజిస్ట్రేషన్ ఉండాలి. అక్కడి షాపు ఆర్డర్ ఇచ్చిందని సంబరపడి బస్సులో పెట్టేయకండి.

జీతంతో పాటు వ్యాపార ఆదాయం వచ్చిందంటే ఇన్నాళ్లూ వేసిన ఆదాయపు పన్ను రిటర్ను ఐటీఆర్-1 ఇక కుదరదు. మార్చిలోనే మీ లెక్కలు చూసేవాళ్లకి చెప్పండి, గడువు ఆఖరి వారంలో కాదు.

పెట్టుబడి చాలకపోతే ముద్రా లోను: శిశు 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. మూడు నెలల అమ్మకం పుస్తకం పట్టుకెళ్తే బ్యాంకులో మాట తేలికవుతుంది. పర్సనల్ లోను తీసి సరుకు కొనొద్దు.

## 8. మన ఊళ్ల క్యాలెండర్ ముందే గీసుకోండి

దసరా, దీపావళి, సంక్రాంతి, పెళ్లి ముహూర్తాలు. విజయనగరంలో దసరా వెళ్లాక పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఆ రోజుల్లో ఊళ్లోకి సరుకు దించడం కష్టం, ముందు వారమే వేసేయాలి. ఈ నెలలకి కంపెనీలో సెలవులు దాచుకోండి. వేసవిలో ఊరికే వాడేసి అక్టోబర్‌లో సెలవు దొరక్క బాధపడతారు.

అవే నెలలు తుపాన్లవి కూడా. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస వైపు ఉద్దానం జీడి, కొబ్బరి తోటలని ఎలా నేలమట్టం చేసిందో చూసినవాళ్లం. అప్పటి అంత పెద్దది రాకపోయినా ముసురు పట్టిందంటే తేమ ఎక్కుతుంది, కరెంటు పోతుంది, సీలింగ్ ఆగుతుంది. టిన్నులు నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టండి. వాన రోజున టిన్ను తెరవొద్దు. పండగ సరుకు వారం ముందే ప్యాక్ చేసి ఉంచుకోండి.

## 9. ఎక్కువమంది చేసే తప్పులు, దిద్దుకోవడం

డ్యూటీలో షాపుల ఫోన్లు ఎత్తడం. ఉద్యోగం పోతుంది, ఆర్డరూ తప్పు రాసుకుంటారు. వాట్సాప్ బిజినెస్‌లో "ఆర్డర్ ఇక్కడ పెట్టండి, సాయంత్రం చూసి చెప్తాను" అని ఆటోమేటిక్ జవాబు పెట్టండి. వారం తిరక్కుండానే షాపులవాళ్లు అలవాటు పడతారు.

ఒకేసారి పది రకాలు. జీడిపప్పు, బాదం, కిస్‌మిస్, మసాలాలు అన్నీ మొదలుపెడితే ప్రతిదానికీ కొనుగోలు టైం కావాలి. ఒక సరుకు, రెండు గ్రేడులు, ఆరు నెలలు. అంతే.

అమ్మకాన్నే లాభం అనుకోవడం. చేతిలో డబ్బు ఆడుతుంటే బాగుందనిపిస్తుంది, అందులో సగం పప్పు కొన్న ఫ్యాక్టరీకి ఇవ్వాల్సింది ఉంటుంది. నాలుగో మెట్టులో చెప్పిన వారం లెక్క వదలొద్దు.

తిరిగొచ్చిన సరుకు దాచేయడం. షాపు నుంచి వెనక్కొచ్చిన ప్యాకెట్ కొత్త వాటిలో కలపొద్దు. తెరిచి, ఎందుకు పాడైందో చూసి, బ్యాచ్ నంబరు రాసి పెట్టండి. ఒకే బ్యాచ్‌వి మూడు వచ్చాయంటే మిగతావి మీరే వెళ్లి వెనక్కి తెచ్చేయండి. ఆ షాపు ఇక మీ సరుకు మానదు.

## 10. ఉద్యోగం ఎప్పుడు మానాలి

"పూర్తిగా దిగిపోతేనే ఎదుగుతాం" అని ఎవరో అన్నారని రాజీనామా ఇచ్చేయొద్దు. ఈ నాలుగూ ఉన్నాయేమో చూడండి:

- ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐలతో సహా, విడిగా బ్యాంకులో ఉంది.
- పండగ నెలలు తీసేసి చూసినా వ్యాపారం జీతంలో కనీసం మూడొంతుల్లో రెండొంతులు ఇస్తోంది.
- మీరు ఒక వారం పూర్తిగా లేకపోయినా ప్యాకింగ్, డెలివరీ నడిచాయి.
- ఆర్డర్లు ఆగింది మీ టైం చాలకే, కొనేవాళ్లు లేక కాదు.

నాలుగోది లేకుండా మానేస్తే టైం దొరుకుతుంది, దానితో చేయడానికి పని దొరకదు.

మానే ముందు కుటుంబానికి ఆరోగ్య బీమా తీసుకోండి, కంపెనీ ఇచ్చే బీమా ఉద్యోగంతోనే పోతుంది, ఈఎస్ఐ కూడా ఎక్కువకాలం ఉండదు. పీఎఫ్ డబ్బు సరుకులో పెట్టొద్దు. నోటీసు పీరియడ్ సంక్రాంతి వెళ్లాక మొదలయ్యేలా చూసుకోండి. దసరా నుంచి సంక్రాంతి దాకా వేసిన సరుకు వసూళ్లు అప్పటికి చేతికొస్తాయి, మార్చిలో ఉద్దానంలో కొత్త జీడి పిక్క దిగే టైంకి మీరు షిఫ్టు చూసుకోకుండా పలాస బస్సెక్కొచ్చు.